చచ్చిన లైను

స్తంభం ఎక్కి వైరు లాగే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు లాగేది ఫైబరు, మేము లాగింది నల్ల కేబులు. వైరు మారింది గానీ స్తంభం అదే. కింద నిలబడి కేకలేసే జనమూ వాళ్లే.

రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైగా కేబుల్ టీవీ నడిపాను. ఇప్పుడు అందరూ ఫోనులోనే చూసుకుంటున్నారు కాబట్టి కంట్రోలు రూముకి తాళం వేసి ఇంట్లో కూర్చున్నాను. ఎన్ని ఇళ్లకి కనెక్షన్లు ఇచ్చాను, ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు ఇందులో ఉండవు. వాటివల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. నా దగ్గర లైన్‌మాన్‌గా పనిచేసిన రత్నం సంగతి ఉంటుంది. ఒక ఫుట్‌బాల్ ఆట కోసం అతని కుడి చెయ్యి పోయింది. చూసుకోకుండా తీగ ముట్టుకున్నాడని ఊరంతా అంది. పోనుపోను రత్నం కూడా అదే నమ్మాడు. కోపంగా రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. మెత్తగా రాయడం నాకు చేతకాదు.

కరెంటు పోతే పండగ

కేబుల్ పని అంటే టీవీ పని అనుకుని చేరతారు. చేరిన వారానికి తెలుస్తుంది, అది కరెంటు పని అని. మాకు సొంత స్తంభాలు లేవు. కరెంటు వాళ్ల స్తంభాలకే, వాళ్ల తీగలకి మూరెడు కింద మా కేబులు కట్టుకునేవాళ్లం. అడిగితే కట్టొద్దంటారు, అడక్కపోతే చూడనట్టు పోతారు. అలా చూసీ చూడనట్టు పోయిన దారిలోనే మా బతుకంతా గడిచింది.

కరెంటు లైన్‌మాన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషనుకి ఫోను చేసి లైను ఆపించుకుంటాడు. దాన్ని లైన్ క్లియర్ అంటారు. మాకు ఎవడిస్తాడండీ లైన్ క్లియర్? ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుకుని కూర్చునేవాళ్లం. కరెంటు పోతే జనం ఉసూరుమనేవారు, మా వాళ్లు మాత్రం పండగొచ్చినట్టు నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తేవారు. కరెంటు ఉన్న తీగ బతికిన లైను, లేనిది చచ్చిన లైను. చచ్చిన లైను దొరికిన గంటలో వారం పని చేసుకునేవాళ్లం.

నాకు పని నేర్పింది అమలాపురంలో మాకు సిగ్నలు ఇచ్చే పెద్ద ఆపరేటరు వర్మగారు. నోటి దురుసు మనిషి. "చచ్చిన పాముని చేత్తో పట్టుకుంటావేవయ్యా? ముందు కర్రతో కదిపి చూస్తావు కదా. లైనూ అంతే" అనేవారు. ఆయన నేర్పిన పద్ధతి, తీగని ముందు చేతి వెనక వైపుతో తాకి చూడటం. కరెంటు ఉంటే చెయ్యి విదిలించుకుని వస్తుంది. అరచెయ్యి పెడితే బిగుసుకుపోతుంది, ఇక వదలదు. మేమందరం అలాగే చూసుకునేవాళ్లం. అది తప్పుడు పద్ధతి అని ఇప్పుడు చెబుతున్నాను. టెస్టరు కొనుక్కోండి.

ఇంత చెప్పిన వర్మగారే ఒక క్రికెట్టు ఫైనలు రోజు ఫోన్లకి తట్టుకోలేక, గాలివానలో తన మనిషిని స్తంభం ఎక్కించారు. వాడు జారిపడి నడుం విరిగి మంచాన పడ్డాడు. మంచిమాట చెప్పేవాడు మంచిపనే చేస్తాడని నమ్మకండి. మిషన్లన్నీ బాగానే పనిచేస్తాయి, ఫోను మోగితే మనిషే పాడైపోతాడు.

బావకి బ్రెజిలు, బావకి అర్జెంటీనా

మా వైపు ఫుట్‌బాల్ గల్ఫ్ నుంచి వచ్చింది. కువైట్, దోహా, మస్కట్ వెళ్లినవాళ్లు క్యాంపు గదుల్లో మలయాళీల పక్క మంచాల మీద పడుకుని ఆ పిచ్చి అంటించుకుని వచ్చారు. ఆ దేశాలు ఎక్కడున్నాయో మ్యాపులో చూపించమంటే నీళ్లు నములుతారు గానీ, బ్రెజిలుని ఒక మాటంటే చొక్కా పట్టుకుంటారు. జపాను గెలిస్తే కొరియా ఎందుకు ఏడవాలో, ఇంగ్లండుకీ జర్మనీకీ ఏం తగవో కూడా మా వాళ్లే తీర్పు చెప్పేవారు. 

రత్నం కుర్రతనంలో కువైట్ వెళ్లి, అక్కడ యుద్ధం రాగానే కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. నేను కేబులు మొదలుపెట్టిన రోజుల్లోనే నా దగ్గర చేరాడు. పొట్టి మనిషి, గట్టి మనిషి. కొబ్బరిచెట్టు ఎక్కినంత తేలిగ్గా స్తంభం ఎక్కేవాడు. వాదన లేకపోతే అన్నం సయించేది కాదు. అతనిది బ్రెజిలు.

అతని భార్య సుజాతకి అన్న సత్యానందం. దోహాలో చాలాకాలం పనిచేసి వచ్చి రొయ్యల చెరువు వేశాడు. ఇంట్లో గోడంత టీవీ. అతనిది అర్జెంటీనా. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. ఆట ఉన్నరోజు సత్యానందం ఇంటి అరుగు మీద ఈ బావలిద్దరి వాదన వినడానికే సగం మంది వచ్చేవారు.

వాదన ఎక్కువగా ఆఫ్‌సైడు మీదే. తెలియనివాళ్లకి చెబుతాను. బంతి అందించే క్షణానికి, దాన్ని అందుకోబోయేవాడు గోల్‌కీపరుకి ముందున్న చివరి కాపలావాణ్ణి దాటిపోయి ఉండకూడదు. దాటి ఉంటే గోలు చెల్లదు. ఇంతే. ఈ ఇంతలోనే ఎంత గొడవుందో చూడండి. ఇద్దరూ సరిగ్గా ఒకే గీత మీద ఉంటే? పాత రూల్లో అదీ ఆఫ్‌సైడే. తర్వాత మార్చారు. రత్నం మారలేదు.

అరుగు మీద కొబ్బరి బొండాలు పేర్చి చూపించేవాడు. "ఇదిగో, వీడూ వాడూ సమంగా ఉన్నారు. ఆఫ్‌సైడే. కువైట్లో నేను కళ్లారా చూసేను."

"అది మీ తాతలనాటి రూలు బావా" అనేవాడు సత్యానందం. "సమంగా ఉంటే ఇప్పుడు ఆడనిత్తన్నారు."

"ఎవడు మార్చేడు? నన్నడిగి మార్చేడా?"

ఆ తర్వాత, ఆటలో వేలు పెట్టకుండా ఊరికే నిలబడితే ఆఫ్‌సైడు కాదన్నారు. "ఊరికే నిలబడ్డానికి వాడేవన్నా పెళ్లికొచ్చేడా?" అన్నాడు రత్నం. అరుగంతా గొల్లుమంది. ఆ తర్వాత వీడియో వచ్చింది. గోలు కొట్టాక ఆట ఆపి, బొమ్మ మీద గీతలు గీసి, బెత్తెడు ముందున్నాడా లేదా అని చూడటం. సత్యానందానికి అది మహా నచ్చింది. "గీతలు అబద్ధమాడవు బావా. మనిషి కంటే నయం" అనేవాడు. రత్నానికి ఒళ్లు మండేది. "గోలు కొట్టేక ఎగరాలా, ఏడవాలా తెలీకుండా ఊపిరి బిగబట్టుకు కూర్చోవాలి. ఇది ఆటేనా? కోర్టు వాయిదా" అనేవాడు. నాకు ఆటంటే పడదు గానీ ఆ మాట మాత్రం నచ్చింది.

రత్నం ఎలాంటి పనివాడో చెప్పడానికి ఒక్క సంగతి. ఒక పెద్ద కప్పు జరుగుతున్నప్పుడు రెండు జట్లవాళ్లూ పోటీపడి, స్తంభం నుంచి స్తంభానికి బారెడు జెండాలు కట్టేశారు. వాన మొదలయ్యింది. రత్నం ఎవరికీ చెప్పకుండా నిచ్చెన వేసుకుని అన్నీ పీకేశాడు, బ్రెజిలు జెండాలతో సహా. సొంత జట్టువాళ్లే ద్రోహి అన్నారు. "తడిసిన గుడ్డ తీగతో సమానంరా. మీ అబిమానం మీ ఇంటి మీద కట్టుకోండి" అన్నాడు. చెప్పొచ్చేదేంటంటే, అజాగ్రత్త మనిషి కాదు.

ఆ తెల్లవారుజామున

ఏ ఏడాదో ఏ కప్పో రాయను. రాస్తే మీరు ఫోనులో ఆ గోలు వెతుక్కుని మళ్లీ వాదన మొదలుపెడతారు. బ్రెజిలుకీ అర్జెంటీనాకీ ఆట. అక్కడ రాత్రి, మనకి తెల్లవారుతున్న వేళ. ముందురోజు నుంచీ ముసురు, సముద్రం గాలి. ఆట మధ్యలో కరెంటు పోయింది. సత్యానందం ఇంట్లో ఇన్వర్టరుంది, మా లైనుకి బ్యాటరీలున్నాయి, కాబట్టి బొమ్మ పోలేదు. కాసేపటికి వీధి చివర స్తంభం దగ్గర కొబ్బరిమట్ట విరిగిపడి మా కేబులు తెగింది. అప్పుడు పోయింది.

సత్యానందం నాకు ఫోను చేశాడు. "సూర్నారాయణగారండీ, బొమ్మ పోయిందండి. బావ ఎక్కుతానంటన్నాడండి."

"వాన తగ్గనివ్వవయ్యా. ఆట ఎక్కడికీ పోదు" అన్నాను.

"ఆటే పోతాదండి" అన్నాడు.

వద్దన్నా ఆగరని తెలుసు. కనెక్టర్ల డబ్బా తీసుకుని బండి మీద బయల్దేరాను. నేను వెళ్లేసరికి చర్చికి సున్నం వేసే నిచ్చెన తెచ్చి, రత్నం పైకెక్కి తాడుతో నడుం కట్టుకుని పనిలో ఉన్నాడు. దగ్గర ఉన్న పాత కనెక్టరుతోనే అతుకు వేస్తున్నాడు. ఎక్కాక తీగని చూసుకున్నాడా లేదా అన్నది నేను చూడలేదు. కింద పది పదిహేను మంది ఉన్నారు గానీ వాళ్లూ చూడలేదు. అందరి కళ్లూ గొడుగు కింద ఒకడి ఫోను మీదున్నాయి. అందులో బొమ్మ ఆగి ఆగి వస్తోంది.

"గోలు! బ్రెజిలు కొట్టేసిందండోయ్!" అని ఫోనువాడు అరిచాడు. పైనుంచి రత్నం ఈల వేశాడు.

"ఆగండాగండి. ఆఫ్‌సైడేమోనని చూత్తన్నారంట. గీతలు గీత్తన్నారు."

"ఎంత ముందున్నాడ్రా?" అని పైనుంచి రత్నం.

"సమంగా ఉన్నట్టున్నాడండి."

అరుగు మీంచి సత్యానందం చప్పట్లు కొట్టాడు. "సమంగా ఉంటే ఆఫ్‌సైడేగా బావా! నీ రూలే!"

రత్నం పగలబడి నవ్వాడు. "ఇయ్యాల్టికి నీ రూలే ఖాయం చేసేద్దాం బావా!"

సరిగ్గా అప్పుడే ఇన్వర్టరు కుయ్యోమంటూ ఆగిపోయింది. సత్యానందం, "గీతలు గీయడానికి రెండు నిమిషాలు పడతాది. ఈలోపు జనరేటరు వేసేత్తాను, గోలిచ్చేది టీవీలోనే చూద్దాం" అంటూ ఇంటి వెనక్కి పరిగెత్తాడు. చెరువులో గాలి చక్రాలు తిప్పడానికి తెచ్చిన డీజిలు జనరేటరు అది, బాగుచేయించి దొడ్లో పెట్టాడు. పాత రోజుల్లో అయితే గీత పక్కనున్న రిఫరీ వెంటనే జెండా ఎత్తేవాడు, గోలు పోయేది, ఎవడూ ఎక్కడికీ పరిగెత్తేవాడు కాదు.

జనరేటరు దడదడమంది. రత్నం నవ్వు సగంలో ఆగింది.

తల ఎత్తి చూశాను. ఊతానికి పట్టుకున్న కుడి చెయ్యి పైనున్న కరెంటు తీగకి అతుక్కుని ఉంది. మనిషి బిగుసుకుపోయి తాడు మీద వెనక్కి వాలిపోతున్నాడు. కరెంటు వచ్చేసిందేమోనని వీధిలోకి చూశాను, ఎక్కడా దీపం లేదు. అంతలో లోపలనుంచి ఎవరో "బొమ్మొచ్చిందీ!" అని కేకేశారు. రత్నం వేసిన అతుకు పనిచేసింది. రెప్పపాటే. జనరేటరు మూలిగి దానంతట అదే ఆగిపోయింది. చెయ్యి తీగని వదిలి, మనిషి తాడుకి వేలాడాడు.

దించాం. ఆ వాసన గురించి రాయను.

పిడుగని ఒకరు, పొరపాటని ఒకరు

అమలాపురంలో చూసి కాకినాడ పంపారు. అక్కడ కుడి చెయ్యి మోచేతికి పైన తీసేశారు. ఎడమచేతి వేళ్లు ముడుచుకుపోయి ఉండిపోయాయి. గ్లాసు కూడా పట్టదు ఆ చెయ్యి. 

కరెంటు వాళ్లు వచ్చి చూసి, తెల్లవారుజాము నుంచీ మా లైను ఆగే ఉంది, మాకు సంబంధం లేదు అన్నారు. నిజమే. అయితే కరెంటు ఎలా వచ్చింది? పిడుగు పడిందన్నారు కొందరు. పిడుగు పడితే వినపడదుటండీ? కరెంటు ఒకసారి వచ్చి పోయి ఉంటుంది, రత్నం ఆట ధ్యాసలో చూసుకోలేదు అన్నారు ఎక్కువమంది. ఆ మాట అందరికీ సుఖంగా ఉంది. పడ్డవాడి మీదకి తోసేస్తే మిగతావాళ్లందరూ బయటపడతారు కదా.

నేను నాలుగో రోజున సత్యానందం ఇంటికి వెళ్లాను. హాల్లో టీవీ పక్కన ప్లగ్గు దగ్గర ఒక వైరు పడుంది, రెండు చివర్లా పిన్నులే. ఒక పిన్ను జనరేటరుకి, ఇంకో పిన్ను గోడకున్న ప్లగ్గుకి. అలా పెడితే ఇల్లంతా వెలుగుతుంది. మా వైపు ఇది అందరూ చేసే పనే, దానికి పేరు కూడా పెట్టలేదు. ఇంటి మెయిను స్విచ్చి ఆపకపోతే ఆ కరెంటు ఇంట్లో ఆగదు.

"మెయిను ఆపేవా?" అని అడిగాను.

"మెయినెందుకండి? ఎలాగూ కరెంటు లేదు కదండి" అన్నాడు.

"నీ జనరేటరు కరెంటు స్తంభం మీదకి పోయిందయ్యా. వీధి లోడంతా మీద పడే అది ఆగిపోయింది."

"ఇంట్లోకొచ్చే కరెంటు బయటికెలా పోతాదండి?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. "కాలవ ఎండిపోయిందని తూము మూయకుండా తోటలో మోటారేస్తే నీళ్లెటు పోతాయి? తోటలో ఆగుతాయా, కాలవలోకి పోతాయా?" అన్నాను.  వంగి ఆ వైరు తీసి చేతికి చుట్టుకుంటూ గోడకి జారగిలబడ్డాడు. వ్యవసాయదారుడికి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

"బావకి చెప్పు" అన్నాను.

"చెప్తానండి. సుజాతకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? కొంచెం నిదానించండి."

ఎందుకు నిదానించాలి? తిన్నగా కాకినాడ వెళ్లి నేనే చెప్పేశాను. రత్నం మంచం మీద కట్లతో ఉన్నాడు. విన్నాడు. "మీరు నా మీద అబిమానం కొద్దీ అంటన్నారండి. బావ అలాంటోడు కాదు. ఉంటే నాతో చెప్పడూ?" అన్నాడు. వైరు సంగతి చెప్పాను. "అందరిళ్లలోనూ ఉంటాదండి అలాంటి వైరు" అన్నాడు. ఇంక నేనేం చెయ్యను?

కానీ అతన్ని తినేస్తున్నది చెయ్యి పోవడం కాదు. నేను వెళ్లిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "వెనక చేత్తో చూసేననే అనుకుంటన్నానండి. తీగ చల్లగా తగిలినట్టే గుర్తు. చూసేనంటారా? ఆ గోలు గొడవలో మర్చిపోయేనేమో. ముప్పై ఏళ్లు చూసి, ఆ ఒక్కరోజు చూసుకోలేదేమో." మొదట్లో చూసేను అనేవాడు. తర్వాత చూసేనేమో అన్నాడు. తర్వాతర్వాత, "చూసుండను లెండి, చూసుంటే ఎందుకు పోతాది?" అనడం మొదలెట్టాడు. పనివాడికి చెయ్యి పోతే బతకొచ్చు. చేసిన పని మీద నమ్మకం పోతే మనిషి ఎలా ఉంటాడో నేను దగ్గరుండి చూశాను. నిద్రలో లేచి ఎడమచెయ్యి వెనక్కి తిప్పి మంచం పట్టీని తాకి చూసుకునేవాడట. సుజాత చెప్పి ఏడ్చింది.

గీతలు గీస్తుండగా

ఆసుపత్రి నుంచి వచ్చాక సత్యానందమే అతన్ని చూసుకున్నాడు. అది కాదనను. ఆట ఉన్నరోజు బండి మీద కూర్చోబెట్టి తీసుకొచ్చి, అరుగు మీద కుర్చీ వేసి, తువ్వాలు భుజాన సర్ది, టీ గ్లాసు నోటికి అందించేవాడు. ఊరంతా మెచ్చుకుంది. బావంటే ఇలా ఉండాలి అన్నారు. నేను కనపడితే సత్యానందం తల దించుకునేవాడు. దారిలో ఆపి అడిగితే "రేపు చెప్తానండి" అనేవాడు. ఏడాది గడిచింది ఆ రేపటితోనే.

ఒక రోజు సాయంత్రం ఆట, యూరపు వాళ్లది. రత్నం కబురుపెడితే నేనూ వెళ్లాను. ఎవరో గోలు కొట్టారు, ఆట ఆగింది, బొమ్మ మీద గీతలు మొదలయ్యాయి.  భుజం లెక్కకి వస్తుందా, చెయ్యి లెక్కకి వస్తుందా అని ఇద్దరు కుర్రాళ్లు గుసగుసగా వాదించుకుంటున్నారు. ఒంటిలో కాస్తయినా సమంగా ఉంటే చాలనే రూలు తెస్తారట అని ఇంకొకడు.

రత్నం వాళ్ల వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ ఈ గీతల్ని తిట్టేను గానీ, చూసుకోడం మంచిదేరా. నేనూ ఆ రోజు ఒక్క నిమిషం చూసుకునుంటే ఈ చెయ్యుండేది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అతని నోటి దగ్గర టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు సత్యానందం. గ్లాసు ఒరిగి టీ రత్నం చొక్కా మీద ఒలికింది.

"నువ్వు చూసుకున్నావు బావా" అన్నాడు.

"ఏంటి?"

"చూసుకున్నావు. లైను చచ్చే ఉంది. నేనే బతికించేను. మెయినాపకుండా జనరేటరు పెట్టేను. సూర్నారాయణగారు చెప్పింది నిజమే."

 టీవీలో రిఫరీ ఏదో చెయ్యి ఊపాడు. గోలు ఇచ్చాడో లేదో అక్కడున్నవాళ్లలో ఒక్కడూ చూడలేదు.

రత్నం బావ మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. "అయితే చూసేనన్నమాట" అన్నాడు.

"చూసేవు బావా."

"వెనక చేత్తోనే చూసేను. తీగ చల్లగా ఉంది. నాకు గుర్తే. నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నాను కదండీ" అని నా వైపు తిరిగి, భోరుమని ఏడ్చాడు. చెయ్యి తీసేస్తామన్నప్పుడు కూడా కన్నీరు పెట్టని మనిషి. తుడుచుకోవడానికి పనికొచ్చే చెయ్యి లేదు. సత్యానందం తువ్వాలు తీయబోతే మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

సుజాత గుమ్మంలో నిలబడి అంతా వింది. గట్టిగా అరవలేదు. "ఏడాదిబట్టి టీ తాగిత్తన్నావు కదన్నయ్యా, ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?" అంది. మొగుడి మొహం కొంగుతో తుడిచి, లేవదీసి, నడిపించుకుని వెళ్లిపోయింది. బండి ఎక్కమని సత్యానందం వెనకాల వీధి మలుపుదాకా బతిమాలుతూ వెళ్లాడు. వాళ్లు వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పటినుంచి రాకపోకలు లేవు. పండక్కి పంపిన కూర గిన్నె మూత తియ్యకుండా తిరిగొచ్చిందని విన్నాను. ఇదివరకు ఆ అరుగు మీద చేరినవాళ్లు ఇప్పుడు వంతెన దగ్గర షాపులో చేరుతున్నారు. ఆ బ్రెజిలు గోలు న్యాయమా, అన్యాయమా అని ఇప్పటికీ చొక్కాలు పట్టుకుంటారు. జనరేటరు మాట మాత్రం ఎవడూ ఎత్తడు. ఎత్తితే తన ఇంట్లో రెండు పిన్నుల వైరు గుర్తొస్తుంది కాబోలు.

మీకు చెప్పేది

టెస్టరు లేకుండా తీగ ముట్టుకోకండి. చూసిన ఐదు నిమిషాలకి మళ్లీ చూడండి, ఎందుకంటే మొదటిసారి చూసినప్పుడు చచ్చి ఉన్నది తర్వాత బతకొచ్చు. కరెంటు వాళ్లు లైను ఆపించాక కూడా తీగలన్నీ కలిపి గొలుసు వేసి నేలకి ఎర్తు దించుతారు, చెప్పకుండా వచ్చిన కరెంటు నేలలోకి పోతుంది, మీరూ అది నేర్చుకోండి. కరెంటు పోయిందని సంబరపడకండి. ఎక్కే ముందు ఆ వీధిలో ప్రతి ఇంటి గుమ్మం ముందూ నిలబడి, జనరేటరు ఉందా, ఇన్వర్టరు ఉందా, మెయిను ఆపారా అని అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. కింద నిలబడి తొందరపెట్టేవాడు మీ బావ అయినా సరే, దిగిపోండి. బొమ్మ రాకపోతే ఎవడూ చావడు.

ఇది రాస్తున్నానని తెలిసి రత్నం మొన్న మా ఇంటికి వచ్చాడు. సుజాత తోడు వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, లోపల మా ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"నా సంగతి రాత్తన్నారంట కదండి."

"ఆయ్, రాస్తున్నానయ్యా. నీకు ఇష్టం లేదంటే తీసేస్తాను."

"తియ్యకండి. పేరు కూడా మార్చకండి. చూసుకునే ముట్టుకున్నాడని రాయండి."

"రాశానయ్యా. అదే ముఖ్యంగా రాశాను."

వీధిలోకి చూశాడు. ఫైబరు కుర్రాళ్లు ఎదురు స్తంభానికి నిచ్చెన వేస్తున్నారు. చేతులకి గ్లౌజులు లేవు.

"ఇంకోటి కూడా రాయండి" అన్నాడు. "చూసుకున్నా పోయిందని రాయండి. అది రాయకపోతే వీళ్లు భయపడరు."